'సేవ' మాటున ఎగ్గొట్టిన కూలి

స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే స్త్రీల గురించి మన దగ్గర రెండు మాటలు చలామణిలో ఉన్నాయి. సంస్థల పెద్దలు "వాళ్లు సేవ చేస్తున్నారు" అంటారు. ఉద్యమాల్లో ఉన్నవాళ్లు "వాళ్లు కెరీర్ చేసుకుంటున్నారు" అంటారు. మొదటిది పొగడ్త, రెండోది తిట్టు. కానీ రెండూ కలిసి చేసే పని ఒక్కటే. సేవ చేసే మనిషి జీతం అడగకూడదు. కెరీర్ చేసుకునే మనిషి గౌరవం అడగకూడదు. ఈ రెండింటి మధ్యా ఇరుక్కుపోయింది పొద్దున్నే వంట ముగించి, బస్సు పట్టుకుని ఊళ్లు తిరిగి, మీటింగులు పెట్టి, రాత్రి ఇంటికొచ్చి రిపోర్టు రాసే కార్యకర్త. ఆమెకు జీతమూ సరిగ్గా లేదు, గౌరవమూ సరిగ్గా లేదు.

బ్రతుకుతెరువు కోసం సంస్థలో చేరడం నేరం కాదని, ఆ పనిలో ఎదగాలనుకోవడం స్వార్థం కాదని మనం గట్టిగా చెప్పాల్సిన సమయం వచ్చింది. దీన్ని మనం చెప్పకపోతే, చట్టం ఇప్పటికే చెప్పేసిన మాటే నిలిచిపోతుంది. ఆ చట్టం సంగతికి తర్వాత వస్తాను.

ముందు మన ప్రాంతం సంగతి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. సుమారు 10,000 మంది చనిపోయారు. ఆ తర్వాత నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ఊళ్లకు దేశంలోని, విదేశాల్లోని సంస్థలు ఎన్నో వచ్చాయి. ఇళ్లు కట్టాయి, తుపాను షెల్టర్లు కట్టాయి, బాలవాడీలు పెట్టాయి. కృష్ణా డెల్టా కింది భాగంలో "సంస్థలో పని" అనేది ఒక ఉద్యోగంగా పల్లెటూరి ఆడవాళ్లకు పరిచయమైంది చాలావరకు అప్పుడే. పొలం కూలి తప్ప మరో దారి లేని కుటుంబాల్లో, పదో తరగతి దాకా చదివిన అమ్మాయికి అది పెద్ద తలుపు. ఊళ్లో పేరు పెట్టి పిలిచేవాళ్లు "మేడమ్" అని పిలవడం మొదలుపెట్టారు. ఆ మార్పును తక్కువ చేసి చూడనక్కర్లేదు.

అయితే ఆ తలుపు తెరుచుకుని లోపలికి వెళితే మెట్లు లేవు. బాలవాడీ ఆయాగా చేరిన మనిషి ఆయాగానే మిగిలింది. గ్రామ కార్యకర్తగా చేరిన మనిషి ప్రాజెక్టు అయిపోగానే ఇంటికి వెళ్లింది, ఇంకో ప్రాజెక్టు వస్తే అదే జీతానికి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. పై మెట్టుకు కావలసినవి ఇంగ్లీషు, కంప్యూటరు, పట్నంలో కాపురం, రాత్రిపూట ప్రయాణం. ఇవన్నీ ఎవరికి అందుబాటులో ఉంటాయో సామాజిక శాస్త్రం చదవకుండానే చెప్పొచ్చు. మాలపల్లిలోకి, మాదిగవాడలోకి సంస్థను తీసుకెళ్లడానికి దళిత స్త్రీ కావాలి. ఆమె లేకపోతే సంస్థకు ఆ వాడలో చోటే లేదు. కానీ నిధులిచ్చే వాళ్లతో మాట్లాడే గదిలో ఆమె ఉండదు. వాడ తలుపు తీసేది ఒకరు, చెక్కు మీద సంతకం పెట్టేది ఇంకొకరు.

కూచిపూడి మొవ్వ మండలంలోనిదే. అక్కడ తరతరాలు ఆడవేషం మగవాళ్లే కట్టారు. ఇరవయ్యో శతాబ్దంలో గానీ ఆ నాట్యంలో స్త్రీకి వేదిక దొరకలేదు. స్వచ్ఛంద సంస్థల్లో కథ ఇంకోలా నడుస్తుంది. ఇక్కడ వేదిక మీద కనిపించేది స్త్రీలే. కరపత్రం మీద స్త్రీ ఫోటో, వార్షిక నివేదిక అట్ట మీద స్త్రీ ఫోటో. నట్టువాంగం మాత్రం ఇంకా చాలాచోట్ల మగవాళ్ల చేతిలోనే ఉంది.

ఇదంతా స్వచ్ఛంద సంస్థల తప్పే అనుకుంటే పొరపాటు. ఈ దేశంలో 'సేవ' పేరుతో స్త్రీల శ్రమను అతి చవగ్గా కొనేది ప్రభుత్వం. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీ పథకం మొదలైంది. అర్ధశతాబ్దం గడిచింది. ఇప్పటికీ అక్కడ పనిచేసేవాళ్లకిచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. గౌరవం అన్న మాట ముందు చేరిందంటే వేతనం తగ్గిందని అర్థం. 2005లో వచ్చిన ఆశాకు పేరులోనే 'కార్యకర్త' అని తగిలించారు. ఉద్యోగి అనకుండా ఉండటానికి ఎన్ని పేర్లో! పొదుపు సంఘాల లెక్కలు రాసి, బ్యాంకు లింకేజీ చూసి, సర్వేలు చేసి, ఫోన్లో వివరాలు ఎక్కించే గ్రామ సమాఖ్య సహాయకురాలిని ఒకప్పుడు యానిమేటర్ అన్నారు, తర్వాత ఇంకోటన్నారు. పేరు మారింది, పని పెరిగింది. ఉద్యోగి అన్న మాట మాత్రం రాలేదు.

2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ వలంటీర్లు వచ్చారు. వాళ్లలో ఆడపిల్లలు చాలామంది. నెలకు 5,000 రూపాయలు. 2021లో వాళ్లు జీతం పెంచమని అడిగితే, మీది ఉద్యోగం కాదు, సేవ అని ముఖ్యమంత్రి ఉత్తరం రాశారు. 2024 ఎన్నికల్లో ఇంకో పార్టీ 10,000 ఇస్తామని చెప్పింది. గెలిచాక ఆ వ్యవస్థే కొనసాగలేదు. ఒకరు సేవ అన్నారు, ఇంకొకరు అసలు లేరన్నారు. ఇద్దరికీ జవాబు చెప్పుకోవాల్సిన పని లేకపోయింది. ఎందుకంటే నియామక పత్రం లేని మనిషిని తీసేయడానికి ఉత్తర్వు కూడా అక్కర్లేదు.

ఇదే ప్రభుత్వ తర్కం ఎంత దూరం వెళుతుందో 2023 డిసెంబరులో చూశాం. నెలకు 11,500 రూపాయలకు పనిచేస్తున్న అంగన్‌వాడీ కార్యకర్తలు, 7,000కు పనిచేస్తున్న సహాయకులు డిసెంబరు 12న సమ్మెకు దిగారు. 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. 2024 జనవరి 6న ప్రభుత్వం వాళ్లమీద అత్యవసర సేవల చట్టం, ఎస్మా, ప్రయోగించింది. జీతం అడిగినప్పుడు వాళ్లు ఉద్యోగులు కారు. సమ్మె చేసినప్పుడు మాత్రం వాళ్లు లేకపోతే రాష్ట్రం నడవదు! ఈ రెండు వాక్యాలూ ఒకే నోటి నుంచి వచ్చాయి. ఒక పని అత్యవసరమైనదైతే దానికి జీతం కూడా అత్యవసరమే కదా?

ఇక చట్టం సంగతి. 1978లో బెంగళూరు నీటి సరఫరా బోర్డు కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 'పరిశ్రమ' అన్న మాటకు విశాలమైన అర్థం చెప్పింది. దాతృత్వ సంస్థ అయినా సరే, మామూలు యజమానిలాగే జీతానికి మనుషుల్ని పెట్టుకుంటే అది కార్మిక వివాదాల చట్టం కిందికి వస్తుందని తేల్చింది. అందులోని న్యాయం తేలికైనది. దానం చేసేది యజమాని. దానం అందుకునేది జనం. కూలికి వచ్చిన మనిషి ఈ ఇద్దరిలో ఎవరూ కాదు. ఆమె కూలిని దానం చేయమని అడిగే హక్కు యజమానికి లేదు.

ఈ తీర్పు నచ్చక 1982లో పార్లమెంటు చట్టాన్ని సవరించి దాతృత్వ సంస్థలను మినహాయించింది. ఆ నిర్వచనం దశాబ్దాలపాటు అమల్లోకే రాలేదు. కానీ 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ మినహాయింపును మళ్లీ తెచ్చింది. పూర్తిగా గానీ అధికభాగం గానీ దాతృత్వ, సామాజిక సేవ చేసే సంస్థలు నడిపేవి 'పరిశ్రమ' కావని రాసింది. 2025 నవంబరు 21 నుంచి ఆ కోడ్ అమల్లోకి వచ్చింది. ఆ వాక్యంలోనే, అదే పక్కన, ఇళ్లలో పనిచేసేవాళ్లను కూడా బయట పెట్టింది. గమనించండి, మిత్రులారా. ఇంటిపని, సేవ. స్త్రీలు ఎక్కువగా చేసే రెండు పనులనూ ఒకే గీత గీసి చట్టం బయటికి నెట్టింది. అన్యాయంగా తీసేస్తే కార్మిక వివాదంగా ట్రిబ్యునల్‌కు వెళ్లే దారి సంస్థ కార్యకర్తకు మూసుకుపోయింది. దీని మీద మన సంస్థలు ఎన్ని తీర్మానాలు చేశాయి? ఎన్ని సదస్సులు పెట్టాయి? అసంఘటిత కార్మికుల హక్కుల మీద శిక్షణ ఇచ్చే సంస్థలు తమ సిబ్బంది హక్కుల దగ్గరికొచ్చేసరికి మౌనం పాటించడం యాదృచ్ఛికం కాదు.

ఉద్యోగి అన్న గుర్తింపు లేకపోవడం జీతానికి మాత్రమే సంబంధించిన విషయం అనుకునేవాళ్లు భన్వరీదేవిని గుర్తు చేసుకోవాలి. ఆమె రాజస్థాన్ ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో 'సాథిన్'. బాల్యవివాహాన్ని ఆపడం ఆమె పని. ఆ పని చేసినందుకే 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. పని చేయించుకున్న ప్రభుత్వం యజమానిగా ఆమె వెనక నిలబడలేదు. 1997 విశాఖ తీర్పు, 2013 చట్టం ఆ అన్యాయం నుంచి పుట్టినవే. ఈ దేశంలో ఉద్యోగం చేసే ప్రతి స్త్రీకీ రక్షణ తెచ్చింది ఉద్యోగి అనిపించుకోని ఒక కార్యకర్త. అందుకే 2013 చట్టం జీతం తీసుకోకుండా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లను కూడా ఉద్యోగులుగానే లెక్కిస్తుంది. స్వచ్ఛంద సంస్థను పనిస్థలంగానే చూస్తుంది. 10 మంది ఉన్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువ మంది ఉన్నా, ఆరోపణ యజమాని మీదే అయినా, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. మన జిల్లావాళ్లకు అది బందరు. ఫీల్డులో తిరిగే ఎంతమందికి ఈ సంగతి వాళ్ల సంస్థే చెప్పింది?

సేవ కాదు, వ్యాపారంతోనే సామాజిక మార్పు అని చెప్పేవాళ్లు తర్వాత వచ్చారు. దానికి 'సామాజిక వ్యాపారం' అని పేరు. ఆ ప్రయోగం మన జిల్లా మీద జరిగింది. స్వచ్ఛంద సంస్థలుగా పుట్టి కంపెనీలుగా మారిన సూక్ష్మరుణ సంస్థలు డెల్టా ఊళ్లలో పోటీపడి అప్పులిచ్చాయి. వసూళ్ల ఒత్తిడిపై ఫిర్యాదులొచ్చి 2006 మార్చిలో కృష్ణా జిల్లా యంత్రాంగం సుమారు 50 శాఖలు మూయించింది. అయినా ఆ వ్యాపారం ఆగలేదు. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ షేర్ మార్కెట్టుకెక్కింది. అదే ఏడాది అక్టోబరులో, ఆత్మహత్యల వార్తల మధ్య, రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. షేర్ల లాభం పైకి వెళ్లింది. తోటి సభ్యురాలు కిస్తీ కట్టకపోతే ఆమె గుమ్మం ముందు కూర్చోవాల్సిన అవమానం గ్రూపు లీడరుకు మిగిలింది. సామాజిక వ్యాపారంలో చేరబోయే చదువుకున్న అమ్మాయిలు ముందు అడగాల్సిన ప్రశ్న జీతమెంత అన్నది కాదు. ఇందులో వాటా ఎవరిది, నష్టం ఎవరిది, నిర్ణయం ఎవరిది?

ఇంకో దారి లేదా అంటే, ఉంది. 1972లో అహ్మదాబాదులో ఇలా భట్ మొదలుపెట్టిన సేవా సంస్థ పేరులో సేవ ఉన్నా, అది పుట్టింది కార్మిక సంఘంగా. 1974లో పెట్టుకున్న బ్యాంకు ఆ స్త్రీల సహకార బ్యాంకే. పస్తాపూర్ దగ్గర దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 2008లో మొదలుపెట్టిన సంగం రేడియోను నడిపింది చుట్టుపక్కల ఊళ్ల దళిత స్త్రీలే. ఊరి కార్యకర్తకు పై మెట్టు ఎక్కే శక్తి లేదన్న మాట అబద్ధమని వాళ్లు నిరూపించారు.

నాకు వచ్చే అభ్యంతరాలు తెలుసు. "నిధులు లేవు" అంటారు. నిజమే, 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి పరిపాలనా ఖర్చును 50 శాతం నుంచి 20కి తగ్గించారు. పెద్ద సంస్థ చిన్న సంస్థకు ఆ డబ్బు బదిలీ చేయడాన్నీ నిషేధించారు. ఊరి స్థాయి సంస్థల నడుం విరిగింది. కానీ కోత పడినప్పుడు ముందు ఎవరి జీతం ఆగుతుంది? డైరెక్టరు కారుదా, కార్యకర్త బస్సు చార్జీదా? కోత ఎంతో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. అది ఎవరి మీద పడాలో నిర్ణయించేది మాత్రం సంస్థే.

"జీతాలతో ఉద్యమం చస్తుంది" అని ఉద్యమ మిత్రులంటారు. నిధుల చుట్టూ తిరిగే రాజకీయం ఉద్యమాలను మెత్తబరచిన మాట వాస్తవం. సారా వ్యతిరేక పోరాటం చేసిన స్త్రీలను చివరికి పొదుపు పుస్తకాల ముందు ఎలా కూర్చోబెట్టారో మనకు తెలుసు. కానీ దానికి కారణం కార్యకర్త జీతం కాదు, ఎజెండా పైనుంచి రావడం. జీతం లేకుండా పూర్తికాలం పనిచేయగలిగేది ఎవరు? ఇంట్లో పొలమో, భర్త ఉద్యోగమో ఉన్నవాళ్లు. జీతం వద్దనడమంటే కూలి కుటుంబాల స్త్రీలను వద్దనడమే.

"దుర్గాబాయమ్మ జీతం అడిగిందా?" అంటారు ఇంకొందరు. ఆమె 1937లో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ సంస్థలు ఆగిపోయిన చదువు పూర్తి చేయించి, నర్సులుగా, టీచర్లుగా స్త్రీలను తయారుచేశాయి. అంటే సేవకు ఫలం స్త్రీ తన కాళ్లమీద నిలబడటమేనని ఆమె నమ్మారు. ఆమె త్యాగాన్ని చూపించి ఇంకొకరి జీతం ఎగ్గొట్టడం ఆమెకు చేసే గౌరవం కాదు.

కాబట్టి మన డిమాండ్లు మన సంస్థల నుంచే మొదలు కావాలి. నియామక పత్రం, కనీస వేతనం, ప్రావిడెంట్ ఫండ్, ప్రసూతి సెలవు, ప్రయాణ ఖర్చు. ప్రాజెక్టు బడ్జెట్లో ఇవి మొదటి పద్దు కావాలి. అంతర్గత కమిటీ పేర్లు గోడ మీద ఉండాలి. ఊరి నుంచి వచ్చిన కార్యకర్తకు శిక్షణ, పదోన్నతి, పాలకవర్గంలో ఓటు ఉండాలి. పాలకవర్గంలో దళిత, బహుజన స్త్రీలు ఎందరో ప్రతి నివేదికలో రాయాలి. అన్నిటికంటే ముందు, సంస్థల కార్యకర్తలకు ఒక సంఘం కావాలి. 2022 ఏప్రిల్‌లో అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. 2025 మార్చిలో ఈ రాష్ట్రంలోని ఆశాలకు గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఇవి ఎవరూ సేవను మెచ్చి ఇచ్చినవి కావు. జెండా పట్టుకుని రోడ్డెక్కితే వచ్చినవి.

పదిమంది ఆడవాళ్లను కూర్చోబెట్టి సంఘం పెట్టుకోమని ఊరూరా చెప్పిన మనం, మన సంఘం ఎప్పుడు పెట్టుకుంటాం?