తాగి బండి నడిపేవారికి పాఠం చెబితే చాలునా?

సాయంకాలం ఆరు గంటలు కాగానే పుదుచ్చేరి సముద్రతీరాన ఉన్న గూబెర్ వీధిలోకి వాహనాలను రానివ్వరు. తెల్లవారేదాకా ఆ వీధి పాదచారులది. పిల్లలు పరుగులు తీస్తారు. వృద్ధులు కెరటాలను చూస్తూ తీరుబడిగా కూర్చుంటారు. కొన్ని వీధుల అవతల దృశ్యం వేరు. మద్యశాలల నుంచి బయటికి వచ్చినవారు తమ స్కూటర్లను, కార్లను వెదుక్కుంటూ ఉంటారు.

ఈ పట్టణానికి ఇది పాత సమస్యే. 1954లో ఫ్రెంచి పాలన ముగిసినా, మద్యంపై పన్ను పొరుగు రాష్ట్రాల కంటె ఇక్కడ చాలాకాలంగా తక్కువ. వారాంతం వచ్చిందంటే సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని చెన్నై నుంచి కార్లు బారులు తీరుతాయి. ఇదే కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన మన గోదావరి తీరపు యానాంకు కూడ ఈ ఆకర్షణ కద్దు.

రహదారులకు 500 మీటర్లలోపు మద్యం అమ్మరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో ఆదేశించింది. 2017 జులైలో పురపాలక సంఘాల పరిధికి ఆ నిషేధం వర్తించదని వివరణ ఇచ్చింది. దుకాణాన్ని కదల్చడం కష్టమైనప్పుడు మిగిలేది మనిషిని మార్చడమే.

చట్టం ఆ ప్రయత్నం కూడ చేసింది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే వాహనం నడపడం నేరం. 2019 సవరణ ప్రకారం తొలి తప్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూను. లైసెన్సును మూడు నెలలు నిలిపివేయవచ్చును. అటువంటివారు పునశ్చరణ శిక్షణ కూడ పొందాలి. శిక్షకు పాఠం తోడయిందన్నమాట.

మరి పాఠం వల్ల మనిషి మారతాడా?

ఈ ప్రశ్నకు అర్ధశతాబ్దానికి పైబడిన అనుభవం ఉన్నది. అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో 1966లోనే తాగి నడిపినవారికి తరగతులు ఆరంభించారు. తరువాత ఆ పద్ధతి దేశమంతటా వ్యాపించింది. ఎలిజబెత్ వెల్స్-పార్కర్ అనే పరిశోధకురాలు తన సహచరులతో కలిసి ఇటువంటి కార్యక్రమాలపై జరిగిన 215 అధ్యయనాలను క్రోడీకరించి 1995లో ఫలితం ప్రకటించింది. ఏ కార్యక్రమానికీ వెళ్లనివారితో పోలిస్తే, వెళ్లినవారిలో మళ్లీ అదే తప్పు చేయడం 7 నుంచి 9 శాతం తగ్గింది. అంటే తప్పు తిరిగి చేయబోయే నూరుమందిలో ఎనిమిది మంది ఆగారు, తక్కినవారు ఆగలేదు.

ఎనిమిది ప్రాణాలైనా ప్రాణాలే. కాని పాఠం ఒక్కటే చాలదని ఆ అంకెలే చెబుతున్నవి. పాఠానికి చికిత్స, తరువాతి పర్యవేక్షణ తోడైనచోట ఫలితం మెరుగుగా కనిపించింది. కారణం స్పష్టమే. ఒకనాటి సరదాకు తాగినవానికి తెలియజెప్పితే చాలు. తాగుడుకు బానిసైనవానికి కావలసింది వైద్యుడు. ఇద్దరినీ ఒకే బల్లమీద కూర్చోబెట్టి ఒకే ఉపన్యాసం వినిపిస్తే, రెండవవాడు వచ్చినట్లే తిరిగి వెళతాడు.

హైదరాబాదులో పట్టుబడినవారిని గోషామహల్, బేగంపేట శిక్షణ కేంద్రాలకు కుటుంబసభ్యులతో సహా రమ్మనే పద్ధతి ఏర్పడింది. ఇందులో ఒక వివేకం ఉన్నది. భార్యో తండ్రో పక్కన కూర్చుని విన్న పాఠం ఇంటిదాకా వెంట వస్తుంది.

ఇంతకూ ఏమి బోధించాలి? భయపెట్టే బొమ్మల కంటె ఒక చిన్న లెక్క మేలు. శరీరం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే రక్తంలోని ఆల్కహాలును తగ్గించుకోగలదు. కాఫీ తాగినా, తలస్నానం చేసినా ఆ వేగం పెరగదు. అర్ధరాత్రి 150 ఉన్న మనిషి ఉదయం ఏడు గంటలకు హాయిగా నిద్రలేచి చెన్నై దారి పట్టినా, అతని రక్తంలో ఇంకా 45 ఉంటుంది. హద్దు 30 మాత్రమే. అతడు తాగిన సంగతి మరచిపోయి ఉండవచ్చు; రక్తం మరువదు.

ఈ లెక్కను పట్టుబడిన తరువాత నేర్పడం కంటె, బస చేసే హోటలులోనే చెప్పగలిగితే ప్రయోజనం ఎక్కువ. పుదుచ్చేరికి వచ్చేవారు ఎలాగూ ఊరికి తిరిగిపోతారు. తిరుగు ప్రయాణంలో చక్రం ఎవరు పట్టాలో మొదటి గ్లాసు ఎత్తకముందే నిర్ణయించుకోవాలి. ఆ తరువాత తీసుకునే నిర్ణయం మనిషిది కాదు, మద్యానిది.