ఇంటి చదువులు - కూటమి కట్టుబాట్లు

పిల్లలను బడికి పంపక యింటియందే చదువు చెప్పుకొను తల్లిదండ్రులు నేడు మన నగరములలో కొందరు కలరు. హైదరాబాదు, బెంగుళూరు, పూణే, ముంబయి మొదలగు చోట్ల ఇట్టి కుటుంబములవారు ఒకరినొకరు వెదకికొని చిన్న చిన్న కూటములుగా చేరుచున్నారు. వారమునకు ఒకటి రెండు దినములు ఏ తోటలోనో, ఒకరి పెరటిలోనో, గ్రంథాలయములోనో పిల్లలను కలిపి ఆటపాటలు, తోటపని, లెక్కలు, కథలు సాగించుచున్నారు. వీరు బడిని విడిచినందుకు నిందించుట మా తలంపు కాదు, పొగడుటయు కాదు. ర్యాంకుల పందెములో పసివారి నిద్రను, నవ్వును హరించుచున్న చదువును చూచి విసిగిన తల్లిదండ్రుల బాధ మేమెరుగనిది కాదు. కాని, బడిని విడిచినవారు నియమమును కూడ విడువవచ్చునా యన్నది వేరు ప్రశ్న. విడువరాదని మా నిశ్చితాభిప్రాయము. ఎందులకో చెప్పెదము.

"మేమందరము స్నేహితులము, ఒక్క తలంపు కలవారము; మా మధ్య రాతకోత లెందుకు?" అని కొందరనవచ్చును. స్నేహము చల్లగా నున్న దినములలో నియమము బరువుగానే తోచును. చిక్కు వచ్చిపడిన దినమున మాత్రము, నియమము లేని చోట గొంతు పెద్దదైన వాని మాటయే నియమమగును. ఉమ్మడి ఆస్తులయందును, భాగస్వాముల వ్యాపారములయందును వ్రాత లేని మంచితనము ఎన్ని తగవులకు మూలమగుచున్నదో న్యాయస్థానముల గుమ్మము తొక్కిన వారెల్లరు ఎరుగుదురు. ఇచ్చట ఉమ్మడిగా నున్నది పొలము కాదు, సొమ్ము కాదు, బిడ్డల బాల్యము. అది చెడిన తరువాత ఏ డిక్రీయు దానిని తిరిగి యిప్పింపజాలదు.

ఇంకొక కారణము కలదు, ఇదియే ముఖ్యమైనది. మన బడులలో ఎన్ని లోపములున్నను వానియందొక గుణమున్నది. అచ్చట బిడ్డను తల్లిదండ్రులు కాక మరికొన్ని కన్నులు చూచుచుండును. హాజరుపట్టీ యున్నది. ఒక ఉపాధ్యాయుడు కఠినుడైన మరియొకరు దయ గలవారుందురు. బిడ్డ వంటిమీద వాతతో వచ్చినను, మూడు దినములు మాట లేక మూలన కూర్చుండినను, ఎవరో ఒకరు కారణమడుగుదురు. ఇంట చదువుకొను బిడ్డ కీ పరాయి చూపు లేదు. ఆ లోటు తీర్పగలిగినది కూటమి యొక్కటియే. కాబట్టి కూటమి కేవలము కాలక్షేపమునకు చేరిన గుంపు కాదు; ఆ బిడ్డలకది యిల్లు దాటిన మొదటి సమాజము. సమాజమనగా కట్టుబాటు.

చట్టము మాట కూడ చెప్పవలయును. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణచే 6 మొదలు 14 సంవత్సరముల వయసు గల బాలబాలికలకు చదువు ప్రాథమిక హక్కైనది. ఆ సవరణయే, ఆ వయసు బిడ్డలకు విద్యావకాశములు కల్పించుట తల్లిదండ్రుల కర్తవ్యమనియు విధించినది. 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము మరియొక అడుగు ముందుకు వైచి, బిడ్డను సమీపమందలి బడిలో చేర్పించుట తల్లిదండ్రుల విధి యని తన 10వ సెక్షనులో చెప్పినది. ఆ విధిని తప్పిన తల్లిదండ్రులకు ఆ చట్టము శిక్ష నేదియు విధింపలేదు. ఇంటి చదువును స్పష్టముగా అంగీకరింపనూ లేదు. అనగా ఈ కుటుంబములవారు నిలిచియున్నది గట్టు మీద కాదు, గట్టు అంచున. ఒక కూటమిలో ఒక బిడ్డకు కీడు జరిగెనా, ఆ మచ్చ తక్కిన కూటములన్నిటికిని అంటును. స్వేచ్ఛను కోరువారు దానిని నిలుపుకొను క్రమశిక్షణను తామే యేర్పరచుకొనవలయును.

ఇట్టి ప్రయోగము మనవారికి క్రొత్తది కాదు. 1910లో గాంధీజీ దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గు నగరమునకు 21 మైళ్ల దూరమున టాల్‌స్టాయి క్షేత్రమును నెలకొల్పెను. ఆయన మిత్రుడు కాలెన్‌బాకు అందులకు 1,100 ఎకరముల భూమి నిచ్చెను. సత్యాగ్రహుల కుటుంబములు అచ్చట కలిసి కాపురముండి, ఇరువది ముప్పదిమంది పిల్లలకు తామే చదువు చెప్పుకొనిరి. గుజరాతీలు, తమిళులు, ఉత్తరాదివారు, ఆంధ్రదేశము నుండి వెళ్లినవారు అందుండిరి. హిందువులు, ముసల్మానులు, పార్శీలు, క్రైస్తవులు నుండిరి. నేటి కూటములవారు ఆ క్షేత్రపు అనుభవమును - మంచిని, లోపమును కూడ - శ్రద్ధగా పరిశీలింప దగును.

అచ్చటి మొదటి కట్టుబాటు పెద్దలది. ఉపాధ్యాయులు తాము చేయని పనిని పిల్లలచే చేయింపరాదు. గోతులు త్రవ్వుట మొదలు బరువులు మోయుట వరకు పెద్దవారొకరు పిల్లలతో కలిసి పని చేయవలసినదే. కూటమి నియమములలో మొదటిది ఇదియే కావలయునని మేమందుము. పిల్లలు సెల్‌ఫోను ముట్టరాదని చెప్పి పెద్దలు చెట్టు క్రింద కూర్చుండి దానినే చూచుచుండిన, ఆ నియమమును ఏ బిడ్డయు మన్నింపదు. వేళకు రమ్మని పిల్లలకు బోధించి తాము గంట యాలస్యముగా వచ్చువారు నేర్పునది ఆలస్యమునే. మరియొక మాట. ఇంటి చదువు భారము తరచుగా తల్లి మీదనే పడుచున్నది. తండ్రి ఆదర్శములు పలుకును. తల్లి ఉద్యోగము మానుకొనును. వంతుల పట్టికలో తండ్రుల పేర్లు కూడ ఉండవలయునని కూటమి తీర్మానించుకొనుట న్యాయము.

రెండవది వాకిలి. కూటమిలో చేరుటకు కులము, మతము, ధనము అడ్డు కారాదు. ఈ మాట పైకి కాదనువారుండరు. కాని అడ్డు వాకిట కాక వంటయింట కనబడును. పిల్లలందరు కలిసి తినునప్పుడు ఎవరి డబ్బాలో ఏమున్నదను విచారణ మొదలైన, దాని వెనుక కులము తానే నడిచి వచ్చును. టాల్‌స్టాయి క్షేత్రమున నిదే ప్రశ్న వచ్చినది. గాంధీజీ శాకాహారమును ప్రాణసమానముగా నెంచినవాడు. ఐనను, ముసల్మానులు, క్రైస్తవులు మాంసము కోరినచో దానిని నిరాకరించుటకు గాని, వారిని చేర్చుకొనకుండుటకు గాని తనకు హక్కు లేదని ఆయన ముందుగానే నిశ్చయించుకొనెను. పిదప వారితో మాటాడగా వారు తమంతట శాకాహారమున కొప్పుకొనిరి. అడిగి పొందిన సమ్మతికిని, అదిమి తెచ్చిన అణకువకును గల భేదమిది. ఉమ్మడి భోజనమునకు నియమము కావలసినచో అందరు కూర్చుండి చేసికొనుడు. ఒకరి అలవాటును శుచియనియు, మరియొకరి అలవాటును అశుచియనియు పేరు పెట్టకుడు.

మూడవది, ఒకరి బిడ్డను మరియొకరి కొలతతో కొలువకుండుట. ఒక బిడ్డ అయిదవ యేట చదువ నేర్చును; మరియొక బిడ్డకు ఎనిమిదవ యేట గాని అక్షరము పట్టుబడదు. ఒక యింట పాఠ్యపుస్తకము ప్రకారము చదువు; మరియొక యింట పుస్తకమే లేని చదువు. బడిలోని పోటీని రోసి వచ్చినవారు, "మీ వాడింకను ఎక్కములు నేర్వలేదా?" అని పదిమందిలో అడుగుట మొదలిడిన, ఆ పోటీని వెంట తెచ్చుకొన్నవారే యగుదురు. మత విశ్వాసములు, రాజకీయాభిప్రాయములు ఎవరివి వారికుండును. వానిని దాచుకొననక్కర లేదు. ఇతరుల పిల్లలకు వారి తల్లిదండ్రుల యెరుక లేక నూరిపోయుట మాత్రము నమ్మకద్రోహము.

నాలుగవది బిడ్డల రక్షణ. ఇచ్చట మొగమాటమునకు చోటు లేదు. బడిలో బిడ్డను కొట్టుటను, మనసు నొచ్చునట్లు వేధించుటను విద్యాహక్కు చట్టము 17వ సెక్షను నిషేధించినది. బడిని కాదని వచ్చిన కూటమి బడికంటె తక్కువ నియమముతో నుండరాదు. గాంధీజీ ఆ క్షేత్రముననే ఒక అల్లరి బాలుని రూళ్లకర్రతో కొట్టి, అందులకై చిరకాలము పశ్చాత్తాపపడితినని తానే వ్రాసికొనెను. అంతకంటె ఆలోచింపవలసిన ఉదంతము మరియొకటి కలదు. కొందరు బాలురు ఇద్దరు బాలికలను ఆట పట్టింపగా, చెడుచూపు వారి మీద పడకుండుటకని ఆయన ఆ బాలికల జుట్టు కత్తిరించెను. ఆయన ఉద్దేశమును శంకింపనక్కర లేదు. కాని ఆ పద్ధతిని నేడెవ్వరును అనుసరింపరాదు. తప్పు చేసినది ఒకరు, గురుతు మోసినది మరియొకరు. బాధపడిన బిడ్డ మీదనే భారము వైచు నియమము నియమము కాదు.

కావున ఈ విషయమున కూటమి కొన్ని కట్టుబాట్లను వ్రాసి పెట్టుకొనవలయును. ఒక పెద్ద ఒక పరాయి బిడ్డతో తలుపు మూసిన గదిలో ఒంటరిగా నుండరాదు. పాఠము చెప్ప వచ్చు క్రొత్తవారిని గూర్చి ముందుగా విచారింపవలయును. "ఇంట చెప్పకు" అని యే పెద్దయు ఏ బిడ్డతోను అనరాదు. ఎవరైన అనినచో వెంటనే చెప్పవలయునని బిడ్డలకు నేర్పవలయును. కీడు జరిగినదని అనుమానము కలిగినప్పుడు పెద్దమనుషుల పంచాయతి పెట్టి, పరువు పేర మాట మాపుట తగదు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, బిడ్డపై లైంగిక నేరము జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు తెలుపక తీరదు. తెలుపకుండుటయే శిక్షింపదగిన నేరము. 1098 సంఖ్యకు ఫోను చేసిన బాలల సహాయము దొరకును. ఈ సంఖ్య పెద్దలకే కాక, ప్రతి బిడ్డకు కంఠతా రావలయును.

చిన్నవిగా కనబడి పెద్ద కలహములు తెచ్చునవి మరి రెండున్నవి. ఒకటి సొమ్ము. వసూలైన ప్రతి రూపాయికి లెక్క వ్రాసి నెలనెల అందరికి చూపవలయును. కూటమిని తన పుస్తకములకో, శిక్షణ తరగతులకో బేరముల బజారుగా మార్చుకొన నెవ్వరికిని వీలుండరాదు. రెండవది మాట. ఒకరిపై నొచ్చుకొన్నవారు మొదట వారితోనే చెప్పవలయును. తీరనిచో ఇందులకై యెన్నుకొన్న ఇద్దరు ముగ్గురితో చెప్పవలయును. వాట్సాపులో పదిమంది యెదుట కాదు. పరుల పిల్లల ఛాయాచిత్రములను వారి తల్లిదండ్రుల సమ్మతి లేక ఎక్కడను పెట్టరాదు. బిడ్డ వద్దన్నచో, తల్లి యొప్పుకొన్నను పెట్టరాదు.

కడపటిది బిడ్డ మాట. బడిని విడుచుట తల్లిదండ్రుల ఆదర్శము కావచ్చును. జీవితము మాత్రము బిడ్డది. గాంధీజీ తన కుమారులను సామాన్యమైన బడులకు పంపలేదు. ఆ లోటు వారి మనసులలో నిలిచిపోయినది. పెద్దకుమారుడు హరిలాలు 1911లో తండ్రిని విడిచి చదువు కొరకు స్వదేశమునకు వచ్చెను. అంతటి తండ్రికే ఈ చిక్కు తప్పనప్పుడు తక్కినవారు మరింత జాగరూకులై యుండవలదా? ఏటికొకసారి యైనను ప్రతి బిడ్డను, "నీ కిది యిష్టమేనా? బడికి పోదలచితివా?" అని అడుగవలయును. పోదలచిన బిడ్డకు దారి యున్నది. బడిలో చేరని బిడ్డను వయసునకు తగిన తరగతిలో చేర్చుకొనవలయునని విద్యాహక్కు చట్టము 4వ సెక్షను చెప్పుచున్నది. పదునాలుగేండ్లు నిండినవారు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదవ తరగతి పరీక్షకు కూర్చుండవచ్చును. బడికి మరలిన బిడ్డ కుటుంబమును ఓడిపోయినవారిగా చూచు కూటమి, తాను విడిచి వచ్చిన బడికంటె సంకుచితమైనది.

టాల్‌స్టాయి క్షేత్రము వెలసిన 1910లోనే బందరున కోపల్లె హనుమంతరావు మొదలగువారు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించి, చదువుతో పాటు చేతిపనులను నేర్పిరి. ఆనాటివారు ఒక విధమైన చదువును కాదన్నప్పుడు దానికి బదులు మరియొక క్రమమును తమ భుజములపై నెత్తుకొనిరి. నేటివారికి మా మనవియు నింతే. నియమములు పది దాటనక్కర లేదు. ఒక్క కాగితమున నిముడవలయును. తెలుగున, పిల్లలకు తెలియు మాటలలో నుండవలయును. చేరునాడే చదివి వినిపింపవలయును. ఏటికొకసారి పిల్లల యెదుటనే మరల విచారింపవలయును. పెద్దలు తాము వ్రాసికొన్న మాటకు తాము లోబడుటను ప్రతిదినము చూచు బిడ్డకు పౌరధర్మమును వేరుగా బోధింప నవసరముండదు. అది చూడని బిడ్డకు ఇంట చదివినను, బడిలో చదివినను ఆ పాఠము రాదు.