అక్షరం మీద పడ్డ నింద

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది. ‘జ్ఞా’ అని కనిపించే ఒక సందేశం వస్తే చాలు, ఐఫోన్‌లో దాన్ని చూపే యాప్ అక్కడికక్కడే మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ అంతే. నోటిఫికేషన్‌గా వస్తే ఏకంగా ఫోనే మొరాయించేది. ఆకతాయిలు పనిగట్టుకుని దాన్ని పంచిపెట్టారు. జ్ఞానానికీ జ్ఞాపకానికీ మొదట నిలిచే అక్షరానికి ‘టెక్స్ట్ బాంబు’ అన్న ముద్ర పడింది.

తప్పు అక్షరానిది కాదు. ఆ మాట అప్పుడు గట్టిగా వినపడలేదు కనుక ఇప్పుడైనా చెప్పుకోవాలి.

మన కంటికి ‘జ్ఞా’ ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు మాత్రం జ, పొల్లు, ఞ, దీర్ఘం అనే నాలుగు సంకేతాల వరుస. వివిధ లిపుల అక్షరాలకు కంప్యూటర్ సంకేతాలు నిర్ణయించే ప్రమాణం యూనికోడ్. 1991లో వచ్చిన దాని తొలి వెర్షన్‌లోనే తెలుగుకు 128 గళ్లు కేటాయించారు; ఈ సంకేతాలు అక్కడివే. వాటిని చదివి, జకారం కింద ఞ వత్తు దించి, పక్కన దీర్ఘం తగిలించడం సాఫ్ట్‌వేర్ పని. పలక మీద పిల్లలు దిద్దేదీ ఇదే.

గొడవ తెచ్చిన వరుసలో ఐదోది ఒకటుంది. ఞకూ దీర్ఘానికీ నడుమ దూరిన, కంటికి కనబడని, వెడల్పు లేని గుర్తు. పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. తెలుగు టైపు చేసేవాళ్లకు అది రోజూ పనికొచ్చేదే. ‘రాజ్‌కుమార్’ అని రాస్తే క కిందికి వత్తుగా దిగిపోకుండా ఆపేది ఆ గుర్తే. అది లేకుంటే ‘రాజ్కుమార్’ అవుతుంది. ఆ గుర్తు అనుకోని చోట ఎదురయ్యేసరికి సాఫ్ట్‌వేర్ కుప్పకూలింది. మామూలుగా రాసిన ‘జ్ఞానం’ ఏ ఫోన్‌నూ ఆపలేదు. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇలాంటి వరుసలే ఫోన్లను పడగొట్టాయని ప్రోగ్రామర్లు తేల్చారు. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది.

లోకం దాన్ని మరచిపోయింది. మనం మరచిపోకూడదు. 2011 జనగణన ప్రకారం ఈ దేశంలో 8 కోట్ల మందికి పైగా మాతృభాష తెలుగు. అయినా మన లిపి తెర మీద సరిగ్గా నిలవాలంటే జనసంఖ్య ఒక్కటే చాలదు, దాని పోకడ తెలిసినవాళ్లు పూనుకోవాలి. ‘ౘలి’లోని దంత్య చకారం, ‘ౙడ’లోని దంత్య జకారం 2008లో గానీ యూనికోడ్‌లో చేరలేదు. పాత పుస్తకాల్లో పదాల చివర కనిపించే నకార పొల్లుకు 2021 దాకా చోటు దొరకలేదు. ఎవరో పట్టుబట్టి, అచ్చు పుస్తకాలు సాక్ష్యంగా చూపి అడిగితేనే ఇలాంటి అక్షరాలకు చోటు దక్కుతుంది.

ఇందులో సాహిత్యకారుల వంతూ ఉంది. పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన ఒక కథలోంచి వాక్యం కాపీ చేసి మెయిల్‌లో అతికించి చూడండి. తెలుగు మాయమై, అర్థంలేని రోమన్ అక్షరాల గుట్ట మిగులుతుంది. అలాంటి కథ వెతికినా దొరకదు. మీ దగ్గరున్న అలాంటి ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చండి. కొత్త రచనలు యూనికోడ్‌లోనే పంపండి. ఫోన్‌లో ఎక్కడైనా వత్తు జారినా, గుణింతం విడిపోయినా సర్దుకుపోకుండా, ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారికి రాయండి. మన అక్షరం తరఫున మాట్లాడవలసింది మనమే.