రాళ్లున్నాయి, చెప్పే నోరే లేదు

యెరూషలేము యాత్రకు మన రాష్ట్రంలో సర్కారు సాయం ఉంది. 2019లో దాన్ని పెంచి, ఏటా 3 లక్షల లోపు ఆదాయమున్న క్రైస్తవులకు 60,000 రూపాయలు, అంతకు మించి ఉన్నవాళ్లకు 30,000 చేశారు. మంచిదే. తన విశ్వాసం పుట్టిన చోటును ఒక్కసారైనా కళ్లారా చూసి రావాలని ఎవరికుండదు?

అలాంటి యాత్రల్లో సగం పని గైడుదే. టర్కీలోని ఎఫెసునే తీసుకోండి. కూలిన స్తంభాలు, అరిగిన వీధిరాళ్లు, కొండవాలున ఓ పెద్ద నాటకశాల. ఊరికే చూస్తే రాళ్లగుట్ట. అర్తెమిదేవికి వెండి గుళ్లు చేసి అమ్ముకునే కంసాలులు, క్రీస్తును బోధించే పౌలు మాటలతో తమ బేరం దెబ్బతింటుందని జనాన్ని ఎగదోసి రేపిన గలాటా ఈ నాటకశాలలోనే జరిగిందని గైడు చెప్పగానే ఆ మెట్ల మీద జనం కనబడతారు. మతం గొడవ వెనక బేరం గొడవ ఉందనీ అర్థమవుతుంది. అక్కడ లైసెన్సు లేకుండా గైడు పని చేయడం చట్టవిరుద్ధం. 2012లో దానికోసం ప్రత్యేకంగా చట్టమే చేశారు.

ఇక మన సంగతి. అనంతపురం సీమలోని మడకశిర నుంచి అమరాపురం దారి పడితే, కర్ణాటక సరిహద్దుకు కూతవేటు దూరంలో హేమావతి. శాసనాల్లో హెంజేరు. 8 నుంచి 11వ శతాబ్దం దాకా ఈ మెట్టసీమను ఏలిన నొలంబ పల్లవుల రాజధాని. సిద్ధేశ్వరాలయంలో శివుడు లింగం కాదు, మనిషి రూపంలో కూర్చుని ఉంటాడు. దొడ్డేశ్వరాలయం ముందు నల్లరాతి బసవన్న. ఆ గుడి కిటికీల దగ్గర కాసేపు ఆగాలి. గాలీ వెలుతురూ దూరేలా రాతిని తీగలుగా తొలిచి, ఆ తీగల నడుమ దేవతామూర్తులను నిలిపారు. కొయ్యలో చెక్కడానికే చేయి వణికే పని అది.

ఇంత ఉన్నా, వెళ్లినవాణ్ణి అక్కడ పలకరించేది పురావస్తు శాఖ బోర్డు. కట్టడానికి హాని చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అంటుంది. ముట్టుకోకూడదని తెలిసింది, సరే. ఏం చూడాలో, ఎందుకు చూడాలో ఎవరు చెప్పాలి?

చెప్పడానికి కథ లేకనా? గంగవంశపు రాజు రెండవ మారసింహుడు నొలంబుల మీద పడి, ‘నొలంబకులాంతక’ అని బిరుదే పెట్టుకున్నాడు. తర్వాత చోళుల వంతు. తంజావూరు పక్కన తిరువయ్యారు గుడిలో ఇప్పటికీ నిలబడి ఉన్న నొలంబ స్తంభాలు దండయాత్రలో ఇక్కడి నుంచి మోసుకుపోయినవే అంటారు కళాచరిత్రకారులు. మిగిలిన శిల్పాల్లో కొన్ని చెన్నై మ్యూజియం చేరాయి. ఉన్నవి చూపించడం ఎవరికైనా చేతనవుతుంది. ఇక్కడ లేనివి ఎక్కడున్నాయో, ఎలా పోయాయో చెప్పగలిగినవాడే అసలు గైడు.

ఈ సీమలో తొలినాటి క్రైస్తవం కథ దీనికి తలకిందులు. పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి జెస్యూట్ పాదిరీలు 18వ శతాబ్దం మొదట్లో కర్ణాటక మిషన్ పేరుతో తెలుగు మెట్టసీమలోకి వచ్చారు. పుంగనూరు, చిక్కబళ్లాపురం, అనంతపురం సీమలోని కృష్ణాపురం వాళ్ల మకాములు. కావిబట్ట కట్టి, మాంసం మానేసి, సన్యాసుల్లా బతికారు. వాళ్లలో గాస్టన్ కూర్దూ తెలుగు నేర్చి తెలుగు–ఫ్రెంచి నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్లకూ చుట్టరికం ఉందని 1767లో పారిస్ పండితులకు రాసింది ఆయనే. విలియం జోన్స్ కలకత్తాలో ఆ మాట అన్నది 1786లో. పేరు మాత్రం జోన్స్‌కే దక్కింది. 1773లో పోపు జెస్యూట్ సంఘాన్నే రద్దు చేయడంతో మిషన్ చేతులు మారింది. యెరూషలేముకు సాయం తీసుకుని వెళ్లే మనవాళ్లలో కూర్దూ పేరు విన్నవాళ్లు ఎందరు?

హేమావతిలో రాళ్లున్నాయి, కథ చెప్పేవాడు లేడు. పాదిరీలకు కథ ఉంది, చూపడానికి రాళ్లు లేవు. రెండింటికీ కావలసింది చదువుకున్న మనిషి నోరు.

వేరుశనగ ఎండిపోయే సీమలో గైడ్ల గోలేమిటని ఎవరైనా అనొచ్చు. వాన ముఖం చూడకుండా వచ్చే రాబడులు మాకిక్కడ ఎన్ని ఉన్నాయి? డిగ్రీ పట్టా చేతబట్టుకుని బెంగళూరు బస్సెక్కే పిల్లలకు తెలుగూ కన్నడమూ రెండూ పుట్టుకతో వచ్చినవే. హేమావతికి అవే రెండు భాషలు కావాలి. లేపాక్షి దాకా వచ్చే కార్లను ఇటు మళ్లించి, రత్నగిరి కోట, పెనుకొండ కలిపితే రెండు రోజుల యాత్ర అవుతుంది. సాయంత్రం బసలో పాదిరీల కథ చెబితే సరిపోతుంది.

అయితే ఒక షరతు. లేపాక్షిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఆహా అనిపించి పంపే పద్ధతి ఇక్కడికి తేవద్దు. శాసనం చదివించి, తేదీలు నేర్పి, పరీక్ష పెట్టి, లైసెన్సిచ్చి, జీతమివ్వండి. యెరూషలేము వెళ్లే ఒక్కరికిచ్చే 60,000తో ఓ మడకశిర పిల్లకో పిల్లాడికో నెలకు 5 వేల చొప్పున ఏడాదంతా భృతి ఇవ్వొచ్చు. ఆ సాయం ఆపమని కాదు. అంత డబ్బు మనూరి కథకూ దొరుకుతుందని గుర్తు చేయడమే. పర్యాటక శాఖ ముందుగా హేమావతికి ఇద్దరిని వేసి చూపించాలి.