క్రషర్ వచ్చినంక కొట్లాట ఎందుకు, రాకముందే గ్రామసభ పెట్టాలె



మీ గూడెం పక్కన ఒక కంకర క్రషర్ పడ్డదనుకోండి. మొదట్ల అందరికీ సంతోషమే. బాటకు మొరం పోస్తరు, నలుగురు పిల్లలకు పని దొరుకుతది. ఆరు నెలలు తిరిగే సరికి దుమ్ము పత్తి చేన్ల మీద కూసుంటది, రాత్రి పన్నెండింటికి టిప్పర్లు తిరుగుతయి, పేలుడుకు గోడలు నెర్రెలిస్తయి. అప్పుడు మనం రోడ్డు మీద బైఠాయిస్తం, సోమవారం ప్రజావాణిల దరఖాస్తు ఇస్తం. ఓనరు ఏం చేస్తడు? ఫైలు తెరిచి పర్మిషన్ కాగితాలన్నీ ఒక్కొక్కటి చూపిస్తడు. కేసు మాత్రం మన మీదనే అయితది.

క్రషర్ అయినా, ఇటుక బట్టీ అయినా, కోళ్ల ఫారం అయినా కథ ఇదే. మనం మాట్లాడాల్సిన టైముకు మాట్లాడకపోవుడే అసలు సమస్య. ఆ టైము పర్మిషన్ రాకముందు ఉంటది.

మన కొత్తగూడ మండలం అయిదో షెడ్యూల్ ప్రాంతం. అంటే ఇక్కడ 1996 పెసా చట్టం నడుస్తది. దాని నియమాలు ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చినయి. ఇసుక, కంకర రాయి, మొరం లాంటి చిన్న తరహా ఖనిజాలకు లీజు ఇచ్చే ముందు "గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ" సిఫారసు తప్పనిసరి అని పెసా చెప్తది. ఆ "లేదా" అనే మాటను ఒకటికి రెండుసార్లు చదువుండ్రి. మన ఊళ్ళు మోసపోయేది అక్కడనే. గ్రామసభ అంటే ఓటున్న ప్రతి మనిషి. పంచాయతీ అంటే సర్పంచ్, వార్డు సభ్యులు. నలుగురి సంతకాలతోటి ఒక తీర్మానం తయారైతే ఫైలు ముందుకు పోతది, ఊరికి మాత్రం మిషన్లు దిగినంకనే తెలుస్తది. మన దగ్గర సర్పంచ్ సీటు ఎస్టీకే రిజర్వు, కాబట్టి సంతకం పెట్టేది కూడా మనోడే. అన్నా, సభ పెట్టకుండ సంతకం పెట్టకు అని ఆయనకు ముందే చెప్పే బాధ్యత మనది.

ఇంకో దిక్కు చూడండి. 2014 టీఎస్ ఐపాస్ చట్టంతోటి పరిశ్రమలకు సింగిల్ విండో పెట్టిన్రు. పెద్ద ప్రాజెక్టుకు 15 రోజులు, మిగతావాటికి 30 రోజుల్లో అనుమతి ఇయ్యాలె. వ్యాపారికి ఒక గడువు ఉన్నది, ఆలస్యమైతే అడిగే హక్కు ఉన్నది. మంచిదే, నేను తప్పు పట్టను. కానీ పక్కన బతికే ఇంటికి గడువు ఎవరు ఇస్తరు? ఆ 30 రోజుల్లో గ్రామసభ కూడా జరగాలె, లేకుంటే ఆ తొందరంతా ఒక్క పక్షానికే పనికొస్తది.

భూమి సంగతి కూడా అడగాలె. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు బదలాయించుడు చెల్లదు. మనోళ్ళు చాలామంది అమ్మకమే తప్పు, లీజుకు ఇస్తే ఏమైతది అనుకుంటరు. చట్టం లెక్కల లీజు కూడా బదలాయింపే. పెద్దమనుషుల ముందు రాసుకున్న స్టాంపు కాగితంతోటి షెడ్డు లేపితే ఆ షెడ్డు కింద చట్టం లేదు. 1997 జులై 11న సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగ చెప్పింది. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలం బొర్రా దిక్కు గనుల లీజుల మీద నడిచిన కేసు అది. ప్రభుత్వం సుత ఏజెన్సీ భూమిని గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇయ్యరాదని తేల్చింది. గిరిజన సహకార సంఘాలకు ఇయ్యొచ్చన్నది. అందుకే ఇప్పుడు సొసైటీ పేరు మీద కొత్త ఆట మొదలైంది: బోర్డు మీద మన పేరు, లాభం బయటోళ్ళ జేబుల. బోర్డు చూసి మురవకుండ్రి, ఖాతా పుస్తకం అడగండి.

అయితే ప్రతి వ్యాపారానికి "వద్దు" అనుడే మన పని కాదు. పనికి హైదరాబాద్ పోయే తమ్ముడికి ఊళ్ళనే పని దొరికితే నేనెందుకు అడ్డుపడ్త? గ్రామసభ షరతులతోటి ఒప్పుకోవచ్చు. ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాక నడుస్తది, బండ్లు ఏ బాటల పోతయి, దుమ్ముకు నీళ్ళు ఎవరు కొడతరు, పేల్చే ముందు సైరన్ ఎప్పుడు మోగుతది, పంట పాడైతే పైసలు ఎవరిస్తరు, ఇవన్నీ తీర్మానంల అక్షరాల రాయించాలె. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక ఇండ్ల నడుమ చప్పుడు 45 డెసిబెల్స్ దాటొద్దని 2000 సంవత్సరం శబ్ద నియమాలు ఉన్నయి. రాయకపోతే నోటి మాట మొదటి వానకే కొట్టుకపోతది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు రెండు వేరు వేరు: పెట్టడానికి ఒకటి, నడపడానికి ఒకటి. రెండూ చూపించమనండి. చూపించకపోతే ఆర్టీఐ వేయండి, 30 రోజుల్లో జవాబు రావాలె.

వచ్చినంక తగాదా అయితే? కోయ గూడెంల పెద్దలు కూసోబెట్టి రెండు దిక్కుల మాట వినే పద్ధతి మనకు ముందు నుంచే ఉన్నది. ఆచార పద్ధతిల తగాదాలు తీర్చుకునే హక్కును పెసా కూడా కాపాడమన్నది. ఆ పంచాయితీ బాగ పనిచేస్తది, కానీ ఒక మాట చెప్పాలె. ఒక మేక, నాలుగు సీసాలకు తేలిపోయే తీర్పు తీర్పు కాదు. నీళ్ళు మోసేది, దుమ్ముల వంట చేసేది ఆడోళ్ళయితే, కూసున్నోళ్ళల్ల ఒక్క అక్క కూడా లేకపోవుడు ఏం న్యాయం?

ఇదంతా కాగితం మీద మాటలే అనేటోళ్ళకు నియమగిరి గుర్తు చేస్త. మన పక్క ఒడిశాల, 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమన్నది. జులై, ఆగస్టు నెలల్లో 12 ఊళ్ళ సభలు జరిగినయి. 12 సభలు కూడా బాక్సైట్ గని వద్దన్నయి. వేదాంత అంత కంపెనీ ఆగింది.

పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలె. మీ ఊళ్ళ ఆఖరి సభ ఎప్పుడైంది? రిజిస్టర్‌ల మీ అమ్మ పేరు పక్కన వేలిముద్ర ఉంటే, ఆ రోజు ఆమె నిజంగ సభకు పోయిందా అని ఇయ్యాల అడగండి. లేదంటే కార్యదర్శి దగ్గరికి పోయి ఆ పేజీ నకలు తీసుకోండి.