ఆ పేరుతో ఉద్యోగం లేదు

నిన్న రాత్రి హైదరాబాదు నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. రెస్పిరేటరీ థెరపీ చదివాడు. "అన్నయ్యా, అమెరికాలో పదమూడేసి వారాల కాంట్రాక్టులతో ఆసుపత్రులు మారుతూ పనిచేస్తారట. మీ క్రాన్‌బర్న్ వైపు దొరుకుతాయా?"

ఇక్కడ ఆ పేరుతో ఉద్యోగమే లేదు. ఐసీయూలో వెంటిలేటర్ చూసేది డాక్టర్లూ, నర్సులూ. కఫం తీయించేది ఫిజియోథెరపిస్టులు. 2016 నవంబరు 21న గాలివానకి గడ్డి పుప్పొడి చిట్లి, మెల్‌బోర్న్‌లో వేలమంది ఆయాసంతో ఆసుపత్రులకి పరిగెత్తారు. పదిమంది పోయారు. ఆ రాత్రి భారం మోసిందీ వీళ్ళే, అంబులెన్సు వాళ్ళతో కలిసి.

పనికి విలువ లేదనను. కానీ అప్పు చేసేముందు, వెళ్ళే దేశంలో మన చదువుకి కుర్చీ ఉందో లేదో కనుక్కోవాలి. కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పరు. ముందొచ్చిన మనమే చెప్పాలి.

చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. ఇంటి కాగితాలు ఇప్పటికే బ్యాంకులో పెట్టారట.