గదికి తగిన శబ్దము

నయాపూల్ దాటి, అఫ్జల్‌గంజ్ మీదుగా కోఠీలోని గుజరాతీ గల్లీకి సాగు కొనుగోలుదారులలో నేడు హోమ్ థియేటర్ కోరువారు తరచు కనిపించుచున్నారు. ఈ కోరికను విలాసమని మేము కొట్టివేయము. టెలివిజన్ పలుచబడిన కొలది దాని గొంతు సన్నగిలినది. ముందువైపు స్పీకరుకు చోటు లేక అది క్రిందికో, గోడవైపుకో తిరిగి పలుకుచున్నది. సంగీతము మ్రోగును గాని సంభాషణ అందదు. భాష బోధించు వృత్తిలోని వారము. మాట స్పష్టముగా వినవలెనను ఆశను ఎట్లు తప్పుపట్టగలము? మా పేచీ అంతయు వస్తువును ఎంచుకొను కొలతతోనే.

దుకాణములో మొదట వినిపించు మాట వాట్లు. పెట్టెపై వేలలో ముద్రించు పి.ఎం.పి.ఓ. అను అంకెకు అందరూ అంగీకరించిన కొలత ఏదియు లేదు. అడుగవలసినది ఆర్.ఎం.ఎస్.; నిలకడగా వెలువడు శక్తిని తెలుపునది అదియే. ఆ శక్తి రెండింతలైనను శబ్దము పెరుగునది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెండింతలుగా తోచవలెనన్న సుమారు పదింతల శక్తి కావలెను. ఇది తెలియక కొంతమంది విద్యార్థులు యాభై వాట్లకును వందకును నడుమ గల తేడాకై తండ్రి జేబును ఖాళీ చేయించుచున్నారు.

పెట్టెపై కనిపించు రెండవ అంకె 5.1. ముందు మూడు, ప్రక్కవెనుకగా రెండు, మంద్రధ్వనికి ఒక సబ్‌వూఫర్ అని దీని అర్థము. ముందరి రెండు స్పీకర్లు వినువాని ఎదుటినుండి చెరి 30 డిగ్రీల కోణమునను, వెనుకవి సుమారు 110 డిగ్రీల కోణమునను ఉండవలెనని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము సూచించినది. ఇక మన మొహల్లాలోని ఇంటిని తలచుకొనుడు. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. ఒక గోడకు అలమారా, మరొక గోడకు తఖ్తు, మూడవ గోడకు వంటింటి ద్వారము. వెనుక స్పీకరు కూర్చున్నవారి చెవికే ఆనుకొనును. మంద్రధ్వనిది మరియొక చిక్కు. 40 హెర్ట్జ్ తరంగము పొడవు సుమారు 28 అడుగులు. అట్టిది చిన్న గదిలో గోడలకు తగిలి తిరుగాడుచు మూలలయందు పోగుపడి, తబలాను డప్పుగా మార్చును. పరుపులు, పరదాలు సన్నని ధ్వనులను పీల్చును గాని ఈ గర్జనను ఆపజాలవు.

ఆ గర్జన గోడకు అవతల కూడ వినపడును. అవతల పరీక్షకు చదువు పిల్లవాడు ఉండవచ్చును, రాత్రి డ్యూటీ ముగించి నిద్రించు కూలివాడు ఉండవచ్చును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమావళి నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి పది గంటల నుండి ఆరు వరకు 45 డెసిబెల్స్ పరిమితి విధించినది. ఆసుపత్రులు, న్యాయస్థానముల చుట్టు నూరు మీటర్లు నిశ్శబ్ద ప్రాంతముగా ఎంచవచ్చునని కూడ అందు కలదు. నయాపూల్‌కు ఒక ఒడ్డున హైకోర్టు, మరొక ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. అక్కడి హారన్ల మ్రోత విన్నవారు ఈ నియమము గతిని ఎరుగుదురు!

డాల్బీ ముద్ర చూచి మురియువారికి ఒక సంగతి. ఆ సంస్థను 1965లో స్థాపించిన రే డాల్బీ అంతకుముందు యునెస్కో సలహాదారుగా మన దేశముననే పనిచేసెను. ఆయనకు పేరు తెచ్చిన తొలి పరికరము శబ్దమును పెంచునది కాదు. టేపులోని రొదను తగ్గించునది.

ఇంతకంటె మమ్ము బాధించు విషయము, ఈ యంత్రము జహేజ్ జాబితాలోనికి ఎక్కుట. ఫ్రిజ్, మోటారు సైకిలు సరసన ఇదియు చేరి, ఆడపిల్ల తండ్రి నెలనెలా వాయిదాలు కట్టుచుండగా, అల్లుని ఇంట అది సగము పెట్టెలోనే ఉండిపోవుచున్నది. అమర్చుటకు అక్కడ గది ఏది? వరకట్నము 1961 నుండి చట్టరీత్యా నేరము. పెండ్లికి సిద్ధమగు మా విద్యార్థులు ఈ ఒక్క వస్తువునైనను తమ సంపాదనతో కొనుక్కొందురా? ఈ ప్రశ్నను వార్షికోత్సవ సభలో బహిరంగముగా చర్చింపజేయవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను కోరుచున్నాము.

కొనదలచినవారు మొదట గదిని కొలిచి ఆ కాగితము వెంట తీసికొనిపోవలెను. తాము నిత్యము వినెడి గజలునో సినిమా సంభాషణనో ఇంట వినునంత హెచ్చులోనే దుకాణములో వినిపింపుమని అడుగవలెను. పెద్ద గదిలో హోరుగా మ్రోగించినచో ప్రతి స్పీకరు మేలైనదిగానే తోచును. టెలివిజన్‌కు హెచ్.డి.ఎం.ఐ. ఏ.ఆర్.సి. ద్వారము ఉన్నదో లేదో చూచుకొనవలెను. చౌకబారు ఆరింటికన్న మంచివి రెండు మేలు. ఐదింటికి వీలున్న ఆంప్లిఫయరుతో ముందరి రెండింటినే తెచ్చుకొని, అవి వినువానితో సమత్రిభుజముగా ఉండునట్లు అమర్చి, మాట వినపడుటకు మధ్య స్పీకరును మరుసటి ఏడు చేర్చవచ్చును. సబ్‌వూఫరు పెద్ద ఇల్లు దొరకువరకు దుకాణములోనే ఉండుగాక.